రెండు రైళ్ల నడుమ

టాడ్‌మోర్డెన్‌లో రైలు వంతెన కింద
పూర్వం సైకిళ్లు బాగుచేసిన కొట్టు అది.
హెస్టర్ ఆక్రాయిడ్ అక్కడే నలభయ్యేళ్లు
బొమ్మల్ని నడిపించింది.
గోడకి రైళ్ల టైంటేబుల్. ఇంకేమీ లేదు, దేవుడు కూడా.
మాంచెస్టర్ బండి నెత్తి మీదుగా పోతే బల్ల అదురుతుంది,
బల్ల అదిరితే పాలవాడి టోపీ వెంట్రుకవాసి జరుగుతుంది,
పొద్దుటి నుంచీ చేసిందంతా నీళ్లపాలు.
అందుకని రెండు రైళ్ల మధ్య
ఊపిరి బిగబట్టి పనిచేసేది.

నేను చేరింది లెక్క రాయడానికి.
ఏ ఫ్రేములో ఎడమ మోకాలు ఎంత వంగిందో,
ఏ నోరు పెట్టామో.
నోళ్లన్నీ అగ్గిపెట్టెల్లో ఉండేవి:
"ఆ" ఒకటి, "ఊ" ఒకటి, పెదవి కొరుక్కున్నది ఒకటి,
ఏడవబోయి మానుకున్నది ఒకటి.
ఆ ఆఖరిదే బాగా అరిగిపోయింది.

మొదటిరోజే అన్నాను, దీన్ని మావాళ్లు ప్రాణం పోయడం అంటారని.
"పోయడానికి అదేమైనా టీయా?" అని నవ్వింది.
తీగ మణికట్టుని సూదిమొనతో తాకి
కెమెరా నొక్కి
మళ్లీ తాకింది.
సాయంత్రానికి నాలుగు సెకన్లు.
నిమిషమంటే మా భాషలో మొదట రెప్పపాటే, అని ఇంకోసారి చెప్పాను.
"నాకైతే పదిహేను రోజులు," అంది తల ఎత్తకుండానే.

ఆమె కథ నాకు ముక్కలుగానే తెలుసు.
నాన్న కిటికీలకి అద్దాలు బిగించేవాడు;
మిగిలిన పుట్టీతో చేసిన కుక్క
గుమ్మం మీద ఎండి, వీపు పగిలి, మొదటి అడుగు వెయ్యకుండానే పోయింది.
పదహారో ఏట నూలుమిల్లులో తెగిన పోగులు ముడివేసింది.
ఆపైన లీడ్స్ టెలివిజన్‌కి పాలవాడి కథ, పదమూడు భాగాలు.
గుర్రం తుమ్మినప్పుడల్లా పిల్లలు విరగబడి నవ్వేవారట.
కస్టర్డ్ ప్రకటనలో గెంతిన చెంచాలు ఇంటి అప్పు తీర్చాయి.
ఆ చెంచాలంటే ఒళ్లుమంట. టీ కలుపుకునేది మాత్రం వాటితోనే.
కంప్యూటర్లొచ్చాక ఫోను మోగడం మానేసింది,
రెండేళ్లు కర్టెన్లు కుట్టి అమ్మింది.
మొగుడి సంగతి ఒకేసారి చెప్పింది:
"హాలిఫాక్స్ వెళ్లిపోయాడు. ఒక్క అంగలో.
నడుమ ఫ్రేములేమీ లేకుండా."

చివరి సినిమా నాలుగు నిమిషాలు.
ఒక ముసలమ్మ సూదిలో దారం ఎక్కిస్తుంది. అంతే.
ఆరేళ్లు పట్టింది.
మూడో ఏడు హెస్టర్ కుడిచేయి వణకసాగింది.
డాక్టరేదో పేరు చెప్పాడు. ఆమె ఆ పేరు పలకలేదు,
టైంటేబుల్లో ఇంకో బండిగా కలిపేసుకుంది.
చిత్రమేమిటంటే, ఆ వణుకు తెరమీద కనపడదు.
చేయి తీసేశాకే కదా నొక్కేది.
వేళ్లు వణికిన కాలమంతా
ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య సందులో పడిపోయింది.

నాలుగు వేల ఫ్రేములు దాటాక ఒక రాత్రి
బొమ్మ చేయి వణకాలంది.
స్కేలు తెచ్చాను, సన్నగా చెక్కిన పెన్సిల్ తెచ్చాను.
వద్దంది.
తన చేతిని బొమ్మ చేతికి ఆనించి,
ఊరికే కాసేపు ఉంచి,
తీసేసింది. నొక్కాను.
ఆనించింది, తీసింది, నొక్కాను.
లెక్కల పుస్తకంలో ఆ పేజీ ఖాళీ.
ఏ కొలత రాయను?

మొన్న టౌన్‌హాల్లో వేశారు. వాన. ముప్పయ్యొక్కమంది.
దారం మూడుసార్లు తప్పింది.
నాలుగోసారి సూది బెజ్జం దాకా వచ్చి ఆగిందో లేదో
వంతెన మీద బండి, హాలు అద్దాలు గలగల.
ఆగమని నా చేయి దానంతటదే లేచింది.
చక్రాల కుర్చీలోంచి హెస్టర్ గడియారం చూసుకుని
"ఏడు నలభై బండి. మూడు నిమిషాలు లేటు," అంది గుసగుసగా.
నలభై అయిదు రోజులు, అని నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంటే
తెరమీద దారం ఎక్కింది కాబోలు,
చూళ్లేదు.